దుర్గాబాయి దేశ్‌ముఖ్

ఒకసారి బడి మానినవారికి మళ్ళీ పుస్తకం పట్టడం కష్టం. ఏళ్ళు గడిచిన కొద్దీ ఆ కష్టం పెరుగుతుంది. తోటివారు ముందుకు సాగిపోతారు. నేర్చుకున్నది మరపున పడుతుంది. నలుగురూ ఏమనుకుంటారో అన్న బిడియం వెనక్కు లాగుతుంది. ఈ ఆటంకాలన్నిటినీ దాటి, ముప్పయ్యేళ్ళ వయస్సులో బి.ఏ. పట్టం పుచ్చుకొని, ఆ తరువాత న్యాయవాది అయిన తెలుగు మహిళ దుర్గాబాయి.

దుర్గాబాయి 1909వ సంవత్సరం జూలై 15వ తేదీన రాజమండ్రిలో జన్మించింది. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ళకే ఆమెకు పెండ్లి చేశారు. ఊహ తెలిసిన తరువాత ఆమె అత్తవారింటికి వెళ్ళడానికి ఇష్టపడలేదు. తండ్రి ఆమె మనస్సు తెలుసుకొని అండగా నిలిచాడు.

అవి దేశమంతటా స్వాతంత్ర్యోద్యమం సాగుతున్న రోజులు. బడిలో ఆంగ్ల మాధ్యమాన్ని రుద్దడం నచ్చక దుర్గాబాయి చిన్న వయస్సులోనే చదువు మానివేసింది. అయితే నేర్చుకోవడం మానలేదు. హిందీ నేర్చుకుంది. బాలికల కోసం హిందీ పాఠశాల నెలకొల్పి, తనకన్నా పెద్దవారికి కూడా చదువు చెప్పింది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శనశాల ద్వారం దగ్గర సేవకురాలిగా నిలబడింది. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి వెళ్ళనీయలేదు. టిక్కెట్టు కొన్న తరువాతనే దారి ఇచ్చింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని దుర్గాబాయి అరెస్టు అయింది. 1933 వరకు మూడుసార్లు కారాగారశిక్ష అనుభవించింది. మధుర జైలులో ఒంటరి కొట్టులో ఉంచడంతో ఆమె ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. వెల్లూరు జైలులో చూసిన విషయం మాత్రం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. అక్కడ నేరం మోపబడి శిక్ష అనుభవిస్తున్న పేద స్త్రీలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి చదువు రాదు. చట్టం ఏమి చెబుతుందో తెలియదు. తమ తరఫున ఎలా వాదించుకోవాలో తెలియక శిక్షకు గురి అయినవారు వారిలో ఉన్నారు. ఇటువంటివారికి సాయపడాలంటే జాలి ఒక్కటే చాలదని, న్యాయశాస్త్రం చదవాలని దుర్గాబాయి నిశ్చయించుకుంది.

కాని న్యాయశాస్త్రం చదవాలంటే ముందు పట్టభద్రురాలు కావాలి. దానికి ముందు ఇంటర్మీడియట్, అంతకుముందు మెట్రిక్యులేషన్ ఉన్నాయి. ఆమె చదువు చిన్ననాడే ఆగిపోయింది. ఏ ఆంగ్ల మాధ్యమాన్ని కాదని బడి విడిచిందో ఆ ఆంగ్లభాషనే ఇప్పుడు కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది. సభలలో వేలమంది ఎదుట ఉపన్యసించిన స్త్రీ, చిన్నపిల్లలు చదివే పాఠాలను మొదటినుంచి చదవడానికి సిగ్గుపడలేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షలో, తరువాత ఇంటర్మీడియట్‌లో ఉత్తీర్ణురాలైంది.

బి.ఏ. చదవడానికి ఆమె వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. అప్పుడు కట్టమంచి రామలింగారెడ్డి ఉపాధ్యక్షుడు. స్త్రీలకు వసతిగృహం లేదు కనుక చేర్చుకోవడం కుదరదని ఆయన తెలిపాడు. వేరొకరైతే నిరాశతో తిరిగి వచ్చేవారు. దుర్గాబాయి పత్రికలలో ప్రకటన ఇచ్చింది. తనవలెనే పైచదువులు చదవగోరి, వసతి లేక ఆగిపోయిన యువతులను కూడగట్టింది. వారంతా కలిసి వసతిగృహం ఏర్పాటు చేసుకున్నారు. ఇక అభ్యంతరం లేకపోయింది. తన కోసం తెరిపించిన తలుపు మరికొందరికి కూడా దారి అయింది.

1939లో ఆమె రాజనీతిశాస్త్రంలో బి.ఏ. ఆనర్స్ పూర్తి చేసింది. తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి 1942లో పట్టం పొందింది. న్యాయవాద వృత్తి చేపట్టి పేరు తెచ్చుకుంది. ఈ చదువు సాగినన్నాళ్ళూ ఆమె సేవాకార్యక్రమాలు మానలేదు. మద్రాసులోని మైలాపూరులో 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను మెట్రిక్ పరీక్షకు తయారు చేసింది. ఒకవైపు తాను విద్యార్థిని, మరొకవైపు తానే ఉపాధ్యాయిని.

1946లో దుర్గాబాయి రాజ్యాంగసభకు ఎన్నికైంది. సభా కార్యక్రమాలను నిర్వహించే అధ్యక్షవర్గంలో ఆమె ఒక్కతే మహిళ. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సును ముప్పై అయిదు నుండి ముప్పయ్యేళ్ళకు తగ్గించాలని ఆమె ప్రతిపాదించగా సభ ఆమోదించింది. తరువాత ఆమె ప్రణాళికా సంఘంలో సభ్యురాలైంది. 1953లో ఆర్థికమంత్రి చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకుంది. ఆ సంవత్సరమే ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైంది.

ఆ పదవిలో ఉండగా ఆమెకు ఒక చిక్కు ఎదురైంది. పల్లెలలో పనిచేయడానికి ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామసేవికలు కావాలి. తగిన చదువు ఉన్న స్త్రీలు అక్కడ దొరకడం లేదు. చిన్ననాడు నాలుగక్షరాలు నేర్చి బడి మానిన స్త్రీలు మాత్రం ఎందరో ఉన్నారు. వారిలో భర్తను కోల్పోయినవారు, ఆదరణ లేనివారు, కుటుంబభారం మోసేవారు ఉన్నారు. వారిని పిల్లలతోపాటు మొదటి తరగతిలో కూర్చోబెట్టలేరు. తాను నడచిన దారే దుర్గాబాయికి ఉపాయం చూపింది. 1958లో వయోజన మహిళల కోసం సంక్షిప్త విద్యాకోర్సులు ప్రారంభమైనాయి. ఏళ్ళ తరబడి సాగే చదువును సుమారు రెండేళ్ళలో పూర్తి చేయించి, స్త్రీలను పరీక్షకు సిద్ధం చేయడం వీటి ఉద్దేశం. ఆ ఏడాదే ప్రభుత్వం నియమించిన జాతీయ స్త్రీ విద్యాసంఘానికి కూడా ఆమె అధ్యక్షత వహించింది.

కుటుంబ తగాదాల పరిష్కారానికి వేరుగా న్యాయస్థానాలు ఉండాలని దుర్గాబాయి చాలాకాలం వాదించింది. ఆ చట్టం 1984లో వచ్చింది. దానిని చూడడానికి ఆమె లేదు. 1975లో పద్మవిభూషణ్ పురస్కారం పొందిన దుర్గాబాయి 1981వ సంవత్సరం మే 9వ తేదీన మరణించింది.

వెల్లూరు జైలులోని ఆ పేద స్త్రీల కోసం దుర్గాబాయి మళ్ళీ పలక పట్టింది. ఆమె సాధించిన పట్టాల కన్నా, వాటితో ఇతరులకు తెరిచిన బడులు గొప్పవి. మన ఇంటిలోనో, మన వీధిలోనో చదువు సగంలో ఆపిన అక్క గాని, అమ్మ గాని ఉంటే ఆమెకు పుస్తకం అందించడమే దుర్గాబాయికి మనమిచ్చే నిజమైన గౌరవం.