దీపధారిణి ఫ్లోరెన్స్ నైటింగేల్

వైద్యుడు వ్యాధిని నిర్ణయించి ఔషధమిస్తాడు. ఆ ఔషధం వేళకు అందేటట్లు చూసి, పథ్యం పెట్టి, పక్క మార్చి, రాత్రింబగళ్ళు రోగిని కనిపెట్టుకొని ఉండే బాధ్యత నర్సుది. నేడు ఈ పనికి ప్రత్యేకమైన విద్య ఉంది. పరీక్షలున్నాయి, పట్టాలున్నాయి, సమాజంలో గౌరవమూ ఉంది. పందొమ్మిదవ శతాబ్దం తొలి భాగంలో ఇవేవీ లేవు. ఇంగ్లండులోని ఆసుపత్రులలో రోగుల సేవకు నిరుపేద స్త్రీలను అతి తక్కువ జీతాలకు నియమించేవారు. వారికి శిక్షణ ఇచ్చేవారు లేరు. తాగుబోతులన్న అపవాదు మాత్రం వారిని వెన్నాడుతూ ఉండేది. కలవారి ఇంటి ఆడపిల్ల ఆసుపత్రిలో పనిచేయడమంటే వంశానికే తలవంపుగా భావించే రోజులవి. అటువంటి పనిని గౌరవప్రదమైన వృత్తిగా తీర్చిదిద్దిన మహనీయురాలు ఫ్లోరెన్స్ నైటింగేల్.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించింది. పుట్టిన ఊరి పేరునే తల్లిదండ్రులు ఆమెకు పెట్టారు. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్, తల్లి ఫ్రాన్సెస్. పార్థినోప్ ఆమెకు అక్క. సంపన్న కుటుంబం కావడంతో ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో ఒకటి, హాంప్‌షైర్‌లో ఒకటి విశాలమైన భవనాలు వారికి ఉండేవి. తండ్రి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదివిన విద్యావంతుడు. ఆయన కుమార్తెలకు గ్రీకు, లాటిన్ భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రాన్ని స్వయంగా బోధించాడు. చిన్నతనం నుంచీ ఫ్లోరెన్స్‌కు గణితం పట్ల మక్కువ ఎక్కువ. ఆ మక్కువే తరువాతి కాలంలో వేలాది ప్రాణాలను నిలిపే సాధనమయింది.

పదహారేళ్ళ వయస్సులో, 1837 ఫిబ్రవరిలో, భగవంతుడు తనను సేవకు పిలిచినట్లు ఆమెకు అనుభూతి కలిగింది. ఆ సేవ ఏమిటో తేల్చుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది. 1845లో దగ్గరలోని సాలిస్‌బరీ ఆసుపత్రిలో పని నేర్చుకుంటానని కోరగా, ఇంటిల్లిపాదీ అభ్యంతరం చెప్పారు. తల్లి, అక్క కన్నీరు పెట్టుకున్నారు. ఫ్లోరెన్స్ ఎదురుతిరగలేదు, తన కోరికను విడిచిపెట్టనూ లేదు. తెల్లవారకముందే లేచి ఆసుపత్రులకు, ప్రజారోగ్యానికి సంబంధించిన ప్రభుత్వ నివేదికలను చదివి విషయాలు రాసుకునేది. పగలంతా విందులు, వినోదాలు, అతిథి మర్యాదలతో గడిచేది. 1849లో రిచర్డ్ మాంక్‌టన్ మిల్న్స్ అనే ప్రముఖుడు పెండ్లి చేసుకుంటానని ముందుకు వస్తే, అతడంటే అభిమానమున్నా ఆమె అంగీకరించలేదు. గృహిణిగా స్థిరపడితే తాను కోరుకున్న సేవ సాగదని ఆమెకు తెలుసు.

జర్మనీలోని కైసర్స్‌వర్త్‌లో ఒక క్రైస్తవ సేవాసంస్థ ఉండేది. 1850లో ఆమె దానిని సందర్శించింది. మరుసటి ఏడాది అక్కడే సుమారు మూడు నెలలుండి రోగుల పరిచర్య నేర్చుకున్నది. 1853లో లండన్‌లోని హార్లే వీధిలో మహిళల కోసం నడిచే ఒక చిన్న వైద్యశాలకు పర్యవేక్షకురాలయింది. అక్కడ ఆమెకు జీతం లేదు. తండ్రి ఏటా ఇచ్చే 500 పౌండ్లతో జీవించేది. ప్రతి అంతస్తుకు వేడినీటి గొట్టాలు ఉండాలని, భోజనాలు పైకి చేరవేసే యంత్రం ఉండాలని, ఏ రోగి పిలిచినదీ నర్సుకు తెలిసేటట్లు గంటలు అమర్చాలని ఆమె పట్టుబట్టింది. నర్సు శక్తి మెట్లెక్కి దిగడంలో ఖర్చయిపోతే రోగికి మిగిలేదేమీ ఉండదన్నది ఆమె వాదం. పనిచేసేవారి శ్రమను లెక్కలోకి తీసుకోవడం అప్పటికి కొత్త ఆలోచన.

1854లో బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు టర్కీ పక్షాన రష్యాతో క్రిమియా యుద్ధానికి దిగాయి. గాయపడిన బ్రిటిష్ సైనికులను నల్లసముద్రం దాటించి, కాన్‌స్టాంటినోపుల్ ఎదుట ఉన్న స్కుటారిలోని సైనిక వైద్యశాలలకు చేర్చేవారు. అక్కడ కట్లు కట్టడానికి గుడ్డలు సైతం కరవని, సేవ చేసే దిక్కు లేదని టైమ్స్ పత్రిక వార్తలు ప్రచురించగానే దేశమంతటా ఆగ్రహం పెల్లుబికింది. యుద్ధ వ్యవహారాలు చూసే మంత్రి సిడ్నీ హెర్బర్ట్‌కు ఫ్లోరెన్స్ శక్తి తెలుసు. నర్సుల బృందానికి నాయకత్వం వహించవలసిందిగా ఆయన ఆమెను కోరాడు. 38 మంది నర్సులతో ఆమె 1854 అక్టోబరు 21న లండన్ నుంచి బయలుదేరి, నవంబరు 4న స్కుటారి చేరింది. ఆ బృందంలో క్రైస్తవ సన్యాసినులు ఉన్నారు, జీతానికి పనిచేసే ఆసుపత్రి నర్సులూ ఉన్నారు.

స్కుటారి వైద్యశాల ఒకప్పటి సైనిక నివాసం. గదులు చాలక నడవాలలోనూ రోగులను పరుండబెట్టారు. ఎలుకలు, పేలు, దుర్గంధం అంతటా వ్యాపించి ఉన్నాయి. సైనిక వైద్యులకు ఈ స్త్రీల రాక నచ్చలేదు. వైద్యుని అనుమతి లేనిదే ఏ నర్సూ రోగిని తాకరాదని ఫ్లోరెన్స్ తన వారిని కట్టడి చేసి ఓర్పుతో వేచి ఉన్నది. కొద్దిరోజులలోనే ఇంకర్‌మన్ యుద్ధంలో గాయపడినవారు వందలాదిగా వచ్చిపడ్డారు. వైద్యులు తామే ఆమె సహాయం కోరవలసి వచ్చింది.

ఆమె ముందుగా వంటశాలను, చాకిరేవును సరిచేసింది. ఒక ఇల్లు అద్దెకు తీసుకొని నీళ్ళు కాచే బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలచేత రోగుల బట్టలు ఉతికించింది. విరాళాలతో చొక్కాలు, దుప్పట్లు, పళ్ళేలు కొనిపించింది. మరణశయ్యపై ఉన్నవారి కోసం ఇండ్లకు ఉత్తరాలు రాసింది. కోలుకున్నవారికి పఠనమందిరం ఏర్పాటు చేసి, వారి జీతాన్ని తాగుడుకు తగలేయకుండా కుటుంబాలకు పంపే మార్గం చూపింది. అందరూ నిద్రించిన వేళ చేత దీపం పట్టుకొని వార్డుల వెంట తిరుగుతూ రోగులను పలకరించేది. ఆ దీపపు వెలుగు సైనికుల మనస్సులలోనూ, పత్రికల ద్వారా ఇంగ్లండు ప్రజల మనస్సులలోనూ నిలిచిపోయింది. ఆమె దీపధారిణి అయింది.

అయినా మరణాలు ఆగలేదు. ఆ చలికాలంలో స్కుటారిలో 4,000 మందికి పైగా సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో అధికులను బలిగొన్నవి గాయాలు కావు. కలరా, విరేచనాలు, టైఫస్ జ్వరం వారిని కబళించాయి. 1855 ఫిబ్రవరిలో మరణాల రేటు నూటికి 42 దాటింది. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం వచ్చి పరిశీలించగా, వైద్యశాల అడుగున మురుగుకాలువలు పూడిపోయి ఉన్నట్లు, నీటి మార్గంలో జంతు కళేబరాలున్నట్లు తేలింది. కాలువలు శుభ్రపరచి, గోడలకు సున్నం వేసి, గాలి వచ్చే దారులు తెరిపించారు. వేసవి నాటికి మరణాల రేటు నూటికి 2 వరకు పడిపోయింది. ఆ ఏడాది మే నెలలో క్రిమియాకు వెళ్ళిన ఫ్లోరెన్స్ తీవ్రజ్వరానికి గురై మృత్యుముఖం దాకా వెళ్ళి బయటపడింది. ఆ అనారోగ్యం ఆమెను జీవితాంతం బాధించింది.

1856లో యుద్ధం ముగిసింది. స్వాగత సత్కారాలు తప్పించుకోదలచి ఆమె ఎవరికీ తెలియకుండా ఇంటికి చేరింది. ఆ తరువాత విలియం ఫార్ అనే గణాంక శాస్త్రజ్ఞుని సహాయంతో యుద్ధకాలపు మరణాల లెక్కలను పరిశీలించింది. తన సైనికులు తిండి లేకనో, అతిశ్రమ వల్లనో, ఆలస్యంగా తీసుకురావడం వల్లనో మరణించారని ఆమె అంతవరకు నమ్మింది. లెక్కలు వేరే సత్యం చెప్పాయి. యుద్ధభూమి సమీపంలోని చిన్న ఆసుపత్రుల కంటె తాను సేవచేసిన స్కుటారిలోనే ఎక్కువమంది మరణించారు. కారణం ఆ భవనపు అపరిశుభ్రత. రాత్రింబగళ్ళు ఎంత సేవచేసినా, కాళ్ళకింది మురుగును తొలగించనంతవరకు ఆ సేవ నిష్ఫలమేనని ఆమె గ్రహించింది. దేశమంతా తనను దేవతగా కొలుస్తున్న వేళ ఈ సత్యం ఎంత చేదైనదో ఊహించవచ్చు. ఆమె దానిని మరుగుపరచలేదు. పోయినవారిని తిరిగి తేలేము కాబట్టి, ఉన్నవారినైనా కాపాడాలని నడుం బిగించింది.

అంకెల పట్టికలు చూసి అధికారులు విసుగు చెందుతారని ఆమెకు తెలుసు. అందుచేత నెలకొక ఖండం చొప్పున వృత్తాకారపు పటాలు గీయించింది. నివారింపదగిన వ్యాధుల మరణాలకు నీలం, గాయాల మరణాలకు ఎరుపు, ఇతర కారణాలకు నలుపు రంగు వేయించింది. నీలిరంగు ఎంత విస్తారంగా పరచుకొని ఉన్నదో చూసినవారికి వేరే వివరణ అవసరం లేకపోయింది. శాంతికాలంలో ఇంగ్లండులోని సైనిక నివాసాలలో సైతం అదే వయస్సు పౌరులకంటె సైనికుల మరణాలు దాదాపు రెట్టింపని ఆమె నిరూపించింది. సైనిక నివాసాలు బాగుపడ్డాయి. సైనిక వైద్య పాఠశాల ఏర్పడింది. 1858లో లండన్ గణాంక శాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకున్నది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమెయే.

యుద్ధకాలంలోనే ప్రజలు ఆమె పేర నిధి ఒకటి సేకరించారు. ఆ ధనంతో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం ప్రారంభమయింది. ఎంపికైన యువతులు ఏడాదిపాటు వసతిగృహంలో ఉండి, వార్డులలో పనిచేస్తూ, వైద్యుల ఉపన్యాసాలు వినేవారు. వారి నైపుణ్యంతోపాటు నడవడికను కూడా నమోదు చేసేవారు. ఆ విద్యాలయంలో తయారైన నర్సులు లివర్‌పూల్‌లోని పేదల ఆసుపత్రికీ, 1868లో ఆస్ట్రేలియాలోని సిడ్నీకీ వెళ్ళి ఈ విద్యను వ్యాపింపజేశారు. 1859లో వెలువడిన ఆమె గ్రంథం నోట్స్ ఆన్ నర్సింగ్ ఇండ్లలో రోగులను చూసుకునే సామాన్య స్త్రీల కోసం రాసినది. స్వచ్ఛమైన గాలి, వెలుతురు, నిశ్శబ్దం, పరిశుభ్రత, తగిన ఆహారం, రోగిని శ్రద్ధగా గమనించడం అందులోని ప్రధానాంశాలు. దుర్గంధమే వ్యాధికి మూలమని ఆనాటి చాలామందివలె ఆమె కూడా నమ్మింది. సూక్ష్మజీవుల సిద్ధాంతాన్ని అంగీకరించడానికి ఆమెకు చాలాకాలం పట్టింది. కారణం విషయంలో పొరపడినా ఆమె చెప్పిన పరిశుభ్రత నేటికీ శిరోధార్యమే.

భారతదేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా దాదాపు నలభై ఏళ్ళు ఈ దేశం గురించి శ్రమించింది. ఇక్కడి బ్రిటిష్ సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని తెలిసి, సైనిక కేంద్రాలన్నిటి నుంచి వివరాలు తెప్పించి, 1863 నాటి రాజసంఘం నివేదికకు తన పరిశీలనలు జోడించింది. చుట్టూ ఉన్న గ్రామాలు బాగుపడనిదే సైనికుల ఆరోగ్యమూ బాగుపడదని ఆమె గుర్తించింది. అక్కడి నుంచి ఆమె దృష్టి రైతులవైపు మళ్ళింది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, నీటిపారుదల కాలువలే కరవుకు విరుగుడన్న ఆయన వాదాన్ని బలపరచింది. 1876-78 నాటి మహాక్షామం మద్రాసు రాజధానిని పీడించినప్పుడు, ఆకలితోనూ అప్పులతోనూ నలిగిపోతున్న రైతుల దుస్థితిని ఇంగ్లండు పత్రిక ద్వారా అక్కడి పాఠకుల ముందుంచింది.

ఆమె అభిప్రాయాలన్నీ కాలానికి నిలువలేదు. 1887లో ఏర్పడిన బ్రిటిష్ నర్సుల సంఘం, శిక్షణ పొందినవారి పేర్లను పరీక్షానంతరం ఒక జాబితాలో నమోదు చేయాలని కోరింది. అలా చేస్తే అర్హత లేనివారు నర్సులుగా చలామణి కాలేరని వారి వాదం. నైటింగేల్ దీనిని గట్టిగా వ్యతిరేకించింది. ప్రశ్నపత్రం జ్ఞానాన్ని కొలవగలదేగాని ఓర్పును, దయను, నిజాయితీని కొలవలేదని ఆమె భయం. ఒకసారి పేరు నమోదైతే నేర్చుకోవడం ఆగిపోతుందని కూడా ఆమె సందేహించింది. వివాదం ఏళ్ళతరబడి సాగింది. 1901లో న్యూజిలాండ్, ఆమె మరణానంతరం 1919లో బ్రిటన్ నర్సుల నమోదుకు చట్టాలు చేశాయి. భారతదేశంలో 1947లో నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. నమోదు లేనిదే రోగికి రక్షణ లేదని కాలం తేల్చింది. అయితే పట్టా ఒక్కటే నర్సును తయారుచేయజాలదన్న ఆమె హెచ్చరిక విలువ తగ్గలేదు.

అనారోగ్యం కారణంగా ఆమె జీవితంలో అధికభాగం గదికే పరిమితమయింది. మంచం మీద నుంచే నివేదికలు, వేలాది ఉత్తరాలు రాసింది. చివరి ఏళ్ళలో చూపు పోయింది. 1907లో బ్రిటిష్ ప్రభువు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ప్రదానం చేశాడు. ఆ బిరుదు పొందిన తొలి మహిళ ఆమె. 1910 ఆగస్టు 13న, తొంభై ఏళ్ళ వయస్సులో, లండన్‌లో కన్నుమూసింది. రాజులకూ మహాకవులకూ సమాధులున్న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో అంత్యక్రియలు జరుపుతామని ప్రభుత్వం ముందుకు వచ్చినా, కుటుంబ సభ్యులు అంగీకరించలేదు. ఈస్ట్ వెల్లో గ్రామంలోని చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల చెంతనే ఆమెను ఖననం చేశారు. సమాధి శిలపై ఆమె పేరులోని తొలి అక్షరాలు, జనన మరణాల వివరాలు తప్ప ప్రశంసలేవీ లేవు.

ఆమె జన్మదినమైన మే 12ను ప్రపంచమంతటా నర్సుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. భారత ప్రభుత్వం 1973లో ఆమె పేర జాతీయ పురస్కారాన్ని నెలకొల్పింది. ఆమె ద్విశతజయంతి సంవత్సరమైన 2020లోనే కోవిడ్ మహమ్మారి విరుచుకుపడింది. లండన్‌లో తాత్కాలికంగా నిర్మించిన ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. చేతులు కడుక్కోవడం, గాలి వెలుతురు, నమోదైన మరణాల లెక్కలు మళ్ళీ అందరి నోటా వినిపించాయి. అనేక దేశాలలో నర్సులు రోగులను కాపాడుతూ తామే ప్రాణాలు కోల్పోయారు. వారిపై పుష్పవర్షం కురిసింది. కాని ఒక్కొక్క నర్సుకు అప్పగించే రోగుల సంఖ్య, పనిగంటలు, జీతం, రక్షణ అన్న ప్రశ్నలకు పూలు సమాధానం కాలేవు. హార్లే వీధిలో నర్సు మెట్లెక్కే శ్రమను సైతం లెక్కించిన నైటింగేల్‌కు ఈ విషయం బాగా తెలుసు. చేతిలోని దీపంతో రోగి ముఖాన్ని, చేతిలోని లెక్కలతో వ్యవస్థ లోపాన్ని ఆమె చూడగలిగింది. నర్సు వృత్తిని చేపట్టే ప్రతి విద్యార్థికీ, ఆ వృత్తిని గౌరవించవలసిన ప్రతి పౌరునికీ ఈ రెండు చూపులూ అవసరం.