న్యూటన్ చిన్ననాటి దిగులు

న్యూటన్ మూడు సూత్రాలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఆయన చిన్నతనం మాత్రం ఫిజిక్సు పాఠంలో ఉండదు. అందుకని రాస్తున్నాను, చదవండి.

ఐజాక్ న్యూటన్ 1642 డిసెంబరు 25న (ఇప్పటి క్యాలెండరు లెక్కలో 1643 జనవరి 4) ఇంగ్లండులోని ఉల్స్‌థోర్ప్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి రైతు, సంతకం కూడా రానివాడు. కొడుకు పుట్టక మూడు నెలల ముందే చనిపోయాడు. పిల్లాడు మరీ చిన్నగా ఉండేసరికి బతుకుతాడని ఎవరూ అనుకోలేదట.

మూడేళ్లప్పుడు తల్లి హన్నా మళ్లీ పెళ్లి చేసుకుంది. పెళ్లికొడుకు పక్క ఊరి చర్చి పాస్టరు, అరవై దాటినవాడు, డబ్బున్నవాడు. పిల్లాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలేసి ఆమె వెళ్లిపోయింది. ఆ ఊరు రెండు మూడు కిలోమీటర్లే. అమ్మ ఎక్కడో దూరాన ఉంటే ఒక రకం. నడిచి పోయేంత దగ్గర్లో ఉండి కూడా మనతో లేకపోతే అది ఇంకో రకం. ఏడేళ్లు అట్లాగే గడిచాయి. తిండికీ బట్టకీ లోటు లేదు. కానీ ఆ అమ్మమ్మ గురించి ప్రేమగా ఆయన రాసుకున్న మాట ఒక్కటీ కనపడదు.

1653లో సవతి తండ్రి చనిపోయాక తల్లి తిరిగొచ్చింది, ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని. కొంతకాలానికే న్యూటన్‌ని పదకొండు కిలోమీటర్ల దూరంలోని గ్రాంథం బడికి పంపారు. అక్కడ ఒక మందులషాపు వాళ్లింట్లో ఉండేవాడు. ఆటలకు పోయేవాడు కాదు. గాలిమరల బొమ్మలు, నీడ గడియారాలు చేసుకుంటూ కూచునేవాడు. ఒకడు కడుపులో తన్నితే వాణ్ణి కొట్టి, ముక్కు గోడకేసి రాశాడట. అంతటితో ఆగక చదువులోనూ వాణ్ణి దాటాడు.

పదిహేడేళ్లకు తల్లి బడి మాన్పించి సేద్యంలో పెట్టింది. ఈయన పుస్తకంలో, గొర్రెలు పక్కవాడి చేలో! చివరికి మేనమామ, హెడ్మాస్టరు నచ్చజెప్పి మళ్లీ చదివించారు. 1661లో కేంబ్రిడ్జి చేరాడు. తల్లికి ఆస్తి ఉన్నా, డబ్బున్న వాళ్లకు పనులు చేసిపెట్టే విద్యార్థిగానే చేరాల్సొచ్చింది.

1662లో తను చేసిన తప్పులన్నీ పొట్టి లిపిలో రాసుకున్నాడు. అందులో ఒకటి, తల్లినీ సవతి తండ్రినీ ఇంటితో సహా కాల్చేస్తానని బెదిరించడం. ఆయన చనిపోయి అప్పటికి తొమ్మిదేళ్లు. అంటే పదేళ్లలోపు కోపం పందొమ్మిదేళ్లకీ పోలేదు.

వదిలేసిన పిల్లలందరూ ఇట్లాగే అవుతారని కాదు. న్యూటన్ మాత్రం ఎవర్నీ నమ్మలేకపోయాడు. తన లెక్కలు ఏళ్ల తరబడి దాచుకున్నాడు. 1672లో వెలుతురు మీద రాసిన వ్యాసాన్ని హుక్ తప్పుపడితే ముడుచుకుపోయాడు. ఆ విషయం మీద పుస్తకం 1704లో గానీ రాలేదు, హుక్ చనిపోయిన మరుసటేడు. 1693లో మనసు చెదిరి, స్నేహితులే తనకు కీడు తలపెట్టారని ఉత్తరాలు రాశాడు. తర్వాత క్షమాపణ అడిగాడు. పెళ్లి చేసుకోలేదు.

అయినా 1679లో తల్లికి జ్వరమొస్తే కేంబ్రిడ్జి నుంచి వచ్చేశాడు. రాత్రుళ్లు మంచం పక్కనే కూచున్నాడు. ఆమె పుండ్లకు తన చేతుల్తో కట్టు కట్టాడు. ఆమె బతకలేదు.

న్యూటన్ 1727లో చనిపోయాడు. వీలునామా రాయలేదు. ఆస్తిలో ఎక్కువ భాగం ఎనిమిది మందికి పంచారు. వాళ్లు ఆ ముగ్గురి పిల్లలే.