శ్రీ వి. వి. గిరి: పార్టీ విధేయతా? అంతరాత్మ ప్రబోధమా?

ప్రజాస్వామ్యంలో రాజకీయ పక్షాలు లేనిదే పరిపాలన సాగదు. పక్షాలు నిలవాలంటే వాటి సభ్యులు కట్టుబాటుకు లోబడి ఉండాలి. అయితే ఆ కట్టుబాటు ఒక్కొక్కప్పుడు మనిషి నమ్మిన ధర్మానికి అడ్డు వస్తుంది. అట్టి సమయంలో దేనిని నిలుపుకోవాలి, దేనిని విడిచిపెట్టాలి అన్న ప్రశ్నకు తేలికైన సమాధానం లేదు. 1969 ఆగస్టు మాసంలో ఈ ప్రశ్న మన దేశంలోని పార్లమెంటు సభ్యులందరి ముందు, శాసనసభ్యులందరి ముందు నిలిచింది. నాటి రాష్ట్రపతి ఎన్నికలో ప్రధాన అభ్యర్థులుగా తలపడిన వారిద్దరూ తెలుగువారే కావడం మనకు మరింత ఆసక్తి కలిగించే విషయం. వారిలో విజయం సాధించిన శ్రీ వరాహగిరి వెంకటగిరి గారి జీవితాన్ని మన విద్యార్థుల కొరకు సంగ్రహంగా ఇక్కడ వివరించదలచినాము.

శ్రీ గిరి గారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరుగాంచిన న్యాయవాది, దేశాభిమాని. న్యాయశాస్త్రం అభ్యసించేందుకు గిరి గారు 1913లో ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్ళారు. ఆనాడు ఐర్లండు కూడా మనవలెనే ఆంగ్లేయుల పాలనలో మగ్గుతూ ఉండినది. అక్కడి స్వాతంత్ర్యోద్యమం, కార్మికోద్యమం ఆ యువకుని హృదయంపై చెరగని ముద్ర వేశాయి. 1916లో డబ్లిన్ నగరంలో తిరుగుబాటు చెలరేగి అణచివేయబడిన తరువాత, ఉద్యమకారులతో సంబంధం ఉన్నదన్న అనుమానంపై ఆయన ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

స్వదేశానికి వచ్చి న్యాయవాద వృత్తిని చేపట్టినప్పటికీ ఆయన మనస్సు ఆ వృత్తిలో నిలువలేదు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో మద్యపానానికి వ్యతిరేకంగా ప్రచారం చేసి 1922లో కారాగారవాసం అనుభవించారు. తరువాత ఆయన దృష్టి రైల్వే కార్మికులపైకి మళ్ళింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచి, 1928లో ఉద్యోగాల తొలగింపునకు వ్యతిరేకంగా జరిగిన సమ్మెకు నాయకత్వం వహించారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు రెండు పర్యాయాలు అధ్యక్షులైనారు. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలో కార్మికుల ప్రతినిధిగా పాల్గొన్నారు. 1937 ఎన్నికలలో, అంతకు ముందు మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా ఉండిన బొబ్బిలి రాజా వారిని వారి స్వస్థానంలోనే ఓడించి, శ్రీ రాజగోపాలాచారి మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలను నిర్వహించారు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలోనూ స్థానం పొందారు. స్వాతంత్ర్యానంతరం సింహళంలో భారత హైకమిషనరుగా పనిచేశారు.

1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయిన తరువాత ఆయనకు మొదటి గట్టి పరీక్ష ఎదురైంది. బ్యాంకు ఉద్యోగుల వేతనాల వివాదంలో లేబరు అప్పిలేటు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును 1954లో ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగే విధంగా సవరించింది. తీర్పును గౌరవించవలసిన ప్రభుత్వమే దానిని మార్చినచో కార్మికులకు న్యాయవ్యవస్థపై నమ్మకం ఎట్లు నిలుస్తుందన్నది మంత్రిగారి వాదం. మంత్రివర్గంలోని సహచరులు ఆ వాదాన్ని అంగీకరించలేదు. అప్పుడాయన పదవిని పట్టుకొని ప్రాకులాడలేదు, రాజీనామా చేశారు. అలాగని పార్టీని విడిచిపెట్టలేదు, ప్రభుత్వంపై కత్తి కట్టలేదు. తాను ఒప్పుకోని నిర్ణయానికి బాధ్యత వహించనని మాత్రమే ఆ రాజీనామా తెలియజేసింది. ఈ సంఘటనను మన విద్యార్థులు గుర్తుంచుకోవాలి. 1969లో జరిగిన దానిని అర్థం చేసుకొనుటకు ఇది ఎంతో ఉపకరిస్తుంది.

1957 ఎన్నికలలో ఆయన పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో కొద్ది వందల ఓట్ల తేడాతో ఓడిపోయారు. రిజర్వు స్థానానికి నిలిచిన గిరిజన అభ్యర్థి ఒకరు ఎక్కువ ఓట్లు వచ్చిన కారణాన సాధారణ స్థానాన్ని కూడా పొందవచ్చునా అన్న ప్రశ్నపై ఆయన న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1959లో సుప్రీంకోర్టు ఆయనకు ప్రతికూలంగా తీర్పు చెప్పింది. ఎన్నికల వివాదంలో పిటిషనుదారుగా న్యాయస్థానం మెట్లెక్కిన ఈయనే పదునొకండు సంవత్సరాల తరువాత రాష్ట్రపతి హోదాలో ప్రతివాదిగా అదే న్యాయస్థానంలో నిలుస్తారని ఆనాడు ఎవరు ఊహించగలరు! ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసిన పిదప 1967 మే నెలలో ఆయన ఉపరాష్ట్రపతి అయినారు.

హైదరాబాదులో జన్మించి, జామియా మిల్లియాకు జీవితం ధారపోసి, రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకీర్ హుసేన్ గారు 1969 మే 3న ఆకస్మికంగా పరమపదించారు. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యతలు స్వీకరించారు. అంతకు ముందు ఉపరాష్ట్రపతులైన డాక్టర్ రాధాకృష్ణన్, డాక్టర్ జాకీర్ హుసేన్ గార్లు ఇరువురూ రాష్ట్రపతులైనారు. కనుక ఈసారి కూడా అదే ఆనవాయితీ సాగునని పలువురు భావించారు. కాని అప్పటికే కాంగ్రెసు పార్టీలో ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీకి, పార్టీ అధ్యక్షులు శ్రీ నిజలింగప్ప ప్రభృతులకు మధ్య పొసగడం లేదు. జూలైలో బెంగుళూరులో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు, ప్రధానమంత్రి సూచించిన శ్రీ జగజ్జీవన్ రామ్ పేరును కాదని, లోక్‌సభ స్పీకరు శ్రీ నీలం సంజీవరెడ్డి గారిని తమ అభ్యర్థిగా నిర్ణయించింది. గిరి గారు స్వతంత్రంగా పోటీ చేయ నిశ్చయించారు.

ఇక్కడ ఆయన ప్రవర్తన గమనింపదగినది. తాత్కాలిక రాష్ట్రపతి పదవిలో కూర్చుండి ఆ పదవికే ఓట్లడుగుట సముచితం కాదని తలచి జూలై 20న ఆ బాధ్యతలకు, ఉపరాష్ట్రపతి పదవికి కూడా రాజీనామా ఇచ్చారు. ఓడిపోయినచో తిరిగి వెళ్ళేందుకు ఏ పదవీ లేదు. అంతకు ముందురోజుననే పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేశారు. బ్యాంకు ఉద్యోగుల కొరకు 1954లో మంత్రి పదవిని వదలుకున్న చేతితోనే ఆ సంతకం జరగడం విశేషం. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ హిదాయతుల్లా గారు తాత్కాలిక రాష్ట్రపతి అయినారు. ప్రధాన న్యాయమూర్తి ఒకరు ఆ బాధ్యత వహించడం అదే ప్రథమం. సంజీవరెడ్డి గారు కూడా స్పీకరు పదవికి రాజీనామా ఇచ్చి మర్యాదను పాటించారు.

సంజీవరెడ్డి గారి నామినేషను పత్రంపై ప్రధానమంత్రి స్వయంగా సంతకం చేశారు. కాని పార్టీ అధ్యక్షులు రెండవ ప్రాధాన్యపు ఓట్ల కొరకు జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులతో సంప్రదింపులు జరిపినారన్న వార్తతో పరిస్థితి మారిపోయింది. పార్టీ అభ్యర్థికే ఓటు వేయవలెనని విప్ జారీచేయుటకు ఆమె నిరాకరించి, సభ్యులు అంతరాత్మ ప్రబోధాన్ని అనుసరించి ఓటు వేయవచ్చునన్నారు. వామపక్షాలు, ద్రవిడ మున్నేట్ర కళగం మొదలైన పక్షాలు గిరి గారిని బలపరచాయి. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు శ్రీ సి. డి. దేశ్‌ముఖ్ గారిని నిలబెట్టాయి.

ఆగస్టు 16న ఓటింగు జరిగింది, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్యపు ఓట్లలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 విలువగల ఓట్లు వచ్చాయి. గెలుపునకు కావలసినది 4,18,169. మొదటి లెక్కలో ఎవరూ గెలువలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలుపగా గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 వచ్చాయి. ఆనాడు ఒక పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. ఇరువురి మధ్య తేడా ఇరవై ఆరు మంది సభ్యుల ఓట్ల విలువకు కూడా చాలదు. రెండవ ప్రాధాన్యపు ఓట్ల లెక్కింపుతో ఫలితం తేలిన రాష్ట్రపతి ఎన్నిక మన చరిత్రలో ఇదొక్కటే. నవంబరు నాటికి కాంగ్రెసు పార్టీ రెండుగా చీలిపోయింది.

వివాదం అంతటితో ముగియలేదు. ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు దాఖలైనాయి. సంజీవరెడ్డి గారి వ్యక్తిగత జీవితాన్ని దూషిస్తూ ఒక అజ్ఞాత కరపత్రాన్ని పార్లమెంటు సభ్యులకు పంచిపెట్టారన్నది ముఖ్యమైన ఆరోపణ. 1970లో గిరి గారు రాష్ట్రపతి పదవిలో ఉండగానే స్వయంగా న్యాయస్థానానికి వచ్చి సాక్ష్యమిచ్చారు. అంతకు మునుపు ఏ రాష్ట్రపతీ అట్లు చేయలేదు. కరపత్రం ఆయన సమ్మతితో వెలువడినట్లు గాని, దాని వలన ఫలితం మారినట్లు గాని రుజువు కాలేదని న్యాయస్థానం పిటిషన్లను కొట్టివేసింది. చట్టం దృష్టిలో ఆయన నిర్దోషి. కాని అట్టి నీచమైన కాగితం ఆ ఎన్నికలో చేతులు మారడం అంతరాత్మ పేరిట జరిగిన పోరాటానికి మచ్చగానే మిగిలిపోయింది.

ఇప్పుడు న్యాయంగా విచారిద్దాము. తాను సంతకం చేసిన అభ్యర్థిని విడిచిపెట్టుట ధర్మమా అని ఆనాడు అడిగినవారు ఉన్నారు. వారి ప్రశ్నలో బలమున్నది. పార్టీ నిర్ణయానికి కట్టుబడి సంజీవరెడ్డి గారికి ఓటు వేసినవారిని ధర్మహీనులనుట అన్యాయం. మాట తప్పకుండుట కూడ ధర్మమే. సంజీవరెడ్డి గారు సామాన్యులు కారు. కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలను గౌరవించి 1964లో ముఖ్యమంత్రి పదవినే త్యజించినవారు. మరొకవైపు, అంతరాత్మను అనుసరించామన్న వారిలో ఎందరు నిజంగా ఆత్మపరిశీలన చేసుకున్నారో, ఎందరు ఒక నాయకత్వాన్ని విడిచి మరొక నాయకత్వానికి విధేయులైనారో చెప్పుట కష్టం.

గిరి గారి పదవీకాలం కూడ విమర్శకు అతీతం కాదు. 1970లో రాజుల గుర్తింపును రద్దుచేసే ఉత్తర్వుపై సంతకం చేశారు. సుప్రీంకోర్టు దానిని చెల్లదన్నది. 1973లో ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను కాదని వేరొకరిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించినప్పుడు కూడ మంత్రివర్గ సలహానే పాటించారు. రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి నడవవలసిన త్రోవ అదేనని కొందరన్నారు. 1954లో చూపిన స్వతంత్రత రాష్ట్రపతి భవనంలో కానరాలేదని మరికొందరన్నారు. మా అభిప్రాయంలో ఈ రెండవ మాటను పూర్తిగా త్రోసిపుచ్చలేము.

1974 ఆగస్టులో ఆయన పదవీ విరమణ చేశారు. 1975లో భారతరత్న బిరుదు లభించింది. 1977లో సంజీవరెడ్డి గారు పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నిక కావడాన్ని ఆయన కన్నులారా చూశారు. 1980 జూన్ 24న మద్రాసులో తుదిశ్వాస విడిచారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరుతో వెలసియున్నది. 1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధానికి రాజ్యాంగ సవరణ వచ్చినప్పటికీ, రాష్ట్రపతి ఎన్నికలో విప్ చెల్లదు. నేటికీ ఆ రహస్య ఓటు సభ్యుని మనస్సాక్షికే వదలబడింది.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినదేమి? అంతరాత్మ పేరు చెప్పడం సులభం. ఆ పేరు చెప్పేవారు అందుకై ఏమి వదలుకోవడానికి సిద్ధపడ్డారన్నదే గీటురాయి. గిరి గారు 1954లో మంత్రి పదవిని, 1969లో ఉపరాష్ట్రపతి పదవిని వదలుకున్నారు. అందుచేతనే ఆ రెండు సందర్భాలలో ఆయన మాటకు బరువున్నది. పదవి వదలని చోట ఆ బరువు తగ్గినది. రేపు పౌరులుగా, ఉద్యోగులుగా, ప్రజాప్రతినిధులుగా బాధ్యతలు స్వీకరించబోయే మన విద్యార్థులకు కూడా, స్నేహితుల పక్షమొక ప్రక్క, న్యాయమొక ప్రక్క నిలిచే దినం రాకపోదు. ఆనాడు, ఈ నిర్ణయం వలన మాకేమి లాభమని గాక, దీని కొరకు మేమేమి కోల్పోవడానికి సిద్ధమని తమను తాము ప్రశ్నించుకొందురు గాక!