సహాయార్థం ఆడిన మనిషి: బళ్లారి రాఘవ

విడపనకల్లు వాళ్లకు బళ్లారి పరాయి ఊరు కాదు. రాష్ట్రం వేరైనా, మిరపకాయలు అమ్మాలన్నా, పెద్దాసుపత్రికి పోవాలన్నా, పెళ్లి బట్టలు తేవాలన్నా మన తాండాల వాళ్లం ఎక్కేది బళ్లారి బస్సే. ఆ ఊళ్లో రాఘవ కళామందిరం అని ఒక నాటకశాల ఉంది. దాని ముందు నుంచి మనలో చాలామంది ఎన్నోసార్లు నడిచి ఉంటాం. ఆ రాఘవ ఎవరో తెలిసినవాళ్లు మాత్రం మనలో తక్కువ.

ఆయన్ని ఇప్పుడు తలచుకోవడానికి కారణం ఉంది. ఈ మధ్య మన పిల్లలు ఎక్కడ కలిసినా ఒక మాట నడుస్తోంది. మన నంగారా, థాళి వాయించే పెద్దలతో, తీజ్ పాటలు పాడే ఆడవాళ్లతో ఒక సాయంత్రం కార్యక్రమం పెట్టాలి, వచ్చిన డబ్బు చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లల ఫీజులకు ఇవ్వాలి అని. మంచి ఆలోచనే. అయితే అందులో ఒక చిక్కు ఉంది. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం. దానికి ముందు, మన జిల్లాలోనే పుట్టి, రంగస్థలం మీద తన కోసం పైసా కోరకుండా జీవితమంతా నటించిన ఈ మనిషి కథ తెలుసుకోవాలి.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. అప్పటికి అనంతపురం జిల్లా అన్నదే లేదు. మన ఊళ్లన్నీ బళ్లారి జిల్లా కిందే ఉండేవి. 1882లో బళ్లారిని విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేశారు. ఆయన పుట్టేనాటికి ఈ సీమ ధాత కరువు నుంచి ఇంకా తేరుకోలేదు. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరువులో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికిన మన పూర్వీకులకు రైలు రావడంతో అప్పటికే ఆ బతుకుతెరువు పోతోంది. ఒకే నేల మీద ఒకే కాలంలో ఒక ఇంటి పిల్లవాడు బడికి పోయాడు, ఇంకో ఇంటి పిల్లవాడు ఎద్దు వెంట పోయాడు. ఆ తేడాను మరచిపోకుండానే రాఘవ కథ చెప్పుకోవాలి.

ఆయనకు చదువుతో పాటు నాటకమూ ఇంట్లోనే దొరికింది. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన వారు. సరస వినోదినీ సభ అనే సమాజాన్ని పెట్టి, తాను రాసిన నాటకాలను తానే ఆడించేవారు. అదే ఊళ్లో మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపారు. ఒక ఊళ్లో రెండు సమాజాలు పోటీపడి నాటకాలు ఆడుతుంటే అక్కడి కుర్రాళ్లకు అంతకన్నా మంచి బడి ఏముంటుంది? రాఘవ ఆ రెండు గాలులూ పీల్చి పెరిగారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఎ. చదివారు. 1905లో లా పూర్తిచేసి బళ్లారిలో వకీలుగా కుదురుకున్నారు. తర్వాత పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గానూ పనిచేశారు. షేక్‌స్పియర్ నాటకాలంటే ఇష్టంతో బళ్లారిలో ఆ పేరుతోనే ఒక క్లబ్బు పెట్టి ఇంగ్లీషు నాటకాలు ఆడించారు.

పగలు కోర్టు, రాత్రి నాటకం. ఇల్లు కోర్టు సంపాదనతో గడిచేది కాబట్టి నాటకం మీద బతకాల్సిన అవసరం ఆయనకు లేదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఆ రోజుల్లో తెలుగు నాటకం అంటే సగం సంగీత కచేరీ. తెర లేవకముందే హార్మోనియం శ్రుతి, తబలా దరువు మొదలయ్యేవి. నటుడు పద్యం అందుకుని రాగం తీస్తే జనం వన్స్ మోర్ అని కేకలు వేసేవారు. చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి అదే పద్యం మళ్లీ పాడి మళ్లీ పడిపోయేదని పెద్దలు నవ్వుతూ చెప్పుకుంటారు. రాఘవ ఈ పద్ధతికి ఎదురు నిలిచారు. రాగం కోసం కథను ఆపడం ఆయనకు నచ్చలేదు. మాటను మాటలా పలకడం, ముఖంలో, కంటిలో, నడకలో పాత్రను చూపించడం ఆయన దారి. పాట వద్దని కాదు, పాట పాత్రకు పనికిరావాలని ఆయన పట్టుదల.

అప్పట్లో నాటకాలు రెండు రకాలుగా నడిచేవి. ఒకటి కాంట్రాక్టు నాటకం. పేరున్న నటులను ఒకరిద్దరిని డబ్బిచ్చి పిలిపించి, టికెట్లు అమ్మి, లాభం కాంట్రాక్టరు తీసుకునేవాడు. రెండోది సహాయార్థ ప్రదర్శన. ఫలానా పనికి సహాయార్థం అని కరపత్రంలో ముందే అచ్చువేసేవారు. కుర్చీకి ఒక రేటు, బెంచీకి ఒక రేటు, నేలకు ఒక రేటు. హాలు అద్దె, దీపాలు, తెరలు, దుస్తుల ఖర్చు పోగా మిగిలినది ఆ పనికి చేరేది. పేరున్న నటుడు ఆడుతున్నాడంటే పక్క ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. సర్కారు నుంచి పైసా రాని పనికి కూడా ఒక్క రాత్రిలో డబ్బు పోగయ్యేది.

రాఘవ రంగస్థలం మీద ఔత్సాహిక నటుడిగానే ఉండిపోయారు. అంటే నటనను జీతం కోసం చేయలేదు. ఆయన పేరుకు జనం ఎగబడి టికెట్లు కొన్న ఎన్నో ప్రదర్శనల్లో వచ్చిన డబ్బు ధర్మకార్యాలకు, ప్రజలకు పనికొచ్చే సంస్థలకు వెళ్లింది. కాంట్రాక్టు నాటకాలు బాగా నడిచిన కాలంలో, ఆయనంత పేరున్న నటుడు ఇలా ఉండటం చిన్న సంగతి కాదు.

ఆ పేరు ఊరికే రాలేదు. కోలాచలం వారి విజయనగర సామ్రాజ్య పతనం నాటకంలో పఠాన్ రుస్తుం పాత్ర ఆయనకు పెద్ద గుర్తింపు తెచ్చింది. 1919లో బెంగళూరులో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ నటన చూసి మెచ్చుకున్నారు. 1927లో గాంధీజీ ఆరోగ్యం కోసం మైసూరు సంస్థానంలో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు రాఘవ దీనబంధు కబీర్ నాటకాన్ని హిందీలో ఆడి చూపించారు. నేత పని చేసుకుంటూ, కులం మతం అనే గోడలను లెక్కచేయని కబీరు పాత్రలో ఆయన్ని చూసి గాంధీజీ ముగ్ధులయ్యారు. 1920ల చివర్లో ఇంగ్లండు వెళ్లి అక్కడి రంగస్థలాన్ని దగ్గర నుంచి చూశారు. బెర్నార్డ్ షాను కలిశారు.

తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు, ఈ నాలుగు భాషల్లోనూ ఆయన నటించారు. ఇంట్లో గోర్ బోలీ, బడిలో తెలుగు, బళ్లారి బజారులో కన్నడం మాట్లాడే మన పిల్లలు ఈ మాట గమనించాలి. సరిహద్దులో పుట్టినవాడికి నాలుగు భాషలు రావడం తికమక కాదు, ఆస్తి. ఇంట్లో మాట్లాడే భాషను బయట దాచుకోవాల్సిన పనీ లేదు.

రాఘవ మరో పని కూడా చేశారు. దానికి ఆయనకు తిట్లూ తక్కువ పడలేదు. అప్పటిదాకా ఆడవేషాలు మగవాళ్లే వేసేవారు. ఆడది రంగస్థలం ఎక్కితే ఊరు వేలెత్తి చూపే కాలం. స్త్రీ పాత్రను స్త్రీయే వేయాలని ఆయన గట్టిగా నమ్మి, చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లను ఒప్పించి నాటకాల్లోకి తెచ్చారు. కొమ్మూరి పద్మావతీదేవి అలా ఆయన పక్కన నటించిన వారిలో ఒకరు. పి.వి. రాజమన్నారు రాసిన తప్పెవరిది నాటకాన్ని ఆయన ఆడించారు. అది పురాణ కథ కాదు, నడుస్తున్న కాలంలోని ఒక సంసారం కథ. మన తాండాల్లో ఆడవాళ్లు అందరి ముందూ పాడి ఆడటం తరతరాల అలవాటు. బయటి వేదిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనమే వాళ్లను వెనక్కి లాగుతున్నాం. రాఘవ కాలంలో చదువుకున్న ఇళ్లవాళ్లు దాటిన గీతను మనం ఇప్పుడు కొత్తగా గీసుకోకూడదు.

సినిమాల్లోనూ కనిపించారు కానీ కొద్దిగానే. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడు ఆయనే. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డలో రైతు పాత్ర వేశారు. జమీందారీ కింద నలిగే రైతుల కథ అది. జమీందారులకు కోపం వచ్చింది, సినిమా నిషేధానికీ గురైంది. 1940లో చండిక వచ్చింది. ఆ తర్వాత ఆయన మనసు మళ్లీ నాటకం వైపే.

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. స్వాతంత్ర్యం రావడానికి ఇంకా ఏడాది పైన ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు వైపు పోయింది. గీత అటూ ఇటూ మారినా ఆయన్ని రెండు వైపులా తమవాడనే అనుకుంటున్నారు. బళ్లారిలో ఆయన స్మారక సంఘం, కళామందిరం ఉన్నాయి. తెలుగు నాటకరంగంలో ఆయన పేరుతో పురస్కారాలు ఇస్తున్నారు.

ఇప్పుడు మన చిక్కు దగ్గరికి వద్దాం.

కొన్నేళ్ల క్రితం ఒక సహాయార్థ కార్యక్రమానికి మన తాండా వాళ్లను పిలిస్తే మేమూ వెంట వెళ్లాం. నంగారా వాయించే పెద్దాయన ఆ రోజు శెనక్కాయ పీకే కూలి మానుకుని వచ్చారు. ఆయనతో పాటు థాళి వాయించే ఆయన, పాడటానికి నలుగురు ఆడవాళ్లు. రాత్రి పదకొండు దాకా వాయించారు, పాడారు. జనం ఈలలు వేశారు, డబ్బు బాగానే పోగైంది. షామియానా వాడికి డబ్బు ముట్టింది. మైకు సెట్టు వాడికి ముట్టింది. కరెంటు వాడికి, ఫ్లెక్సీ వాడికి, భోజనాల వాడికి కూడా ముట్టింది. మన వాళ్లకు మాత్రం తలా ఒక శాలువా కప్పారు. ఇది పుణ్యకార్యం కదా, డబ్బు తీసుకుంటే ఏం బాగుంటుందని అడిగారు. తిరిగి రావడానికి ఆటో బాడుగ పెద్దాయనే పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక ఆ శాలువాను గోడ మేకుకు తగిలించి ఏమీ మాట్లాడకుండా పడుకున్నారు. ఆ మౌనం ఇప్పటికీ మమ్మల్ని వదల్లేదు.

రాఘవ డబ్బు తీసుకోలేదని చెప్పి మన పెద్దాయన కూడా తీసుకోకూడదని వాదిస్తే, ఆ ఇద్దరి కథా మనకు అర్థం కాలేదన్నట్టే. రాఘవకు మరుసటి రోజు పొద్దున కోర్టు ఉంది. పెద్దాయనకు మరుసటి రోజు పొద్దున పొయ్యి మీదకు ఏమీ లేదు. ఉన్నవాడు తనకు తానుగా వదులుకుంటే అది దానం. లేనివాడి దగ్గర మొహమాటపెట్టి వదిలిస్తే అది దోపిడీ. రాఘవ నుంచి మనం తీసుకోవలసింది ఉచితంగా వాయించడం కాదు. తన దగ్గర ఏది ఎక్కువుందో చూసుకుని దాన్ని ఇవ్వడం. ఆయన దగ్గర పేరు ఉంది, సమయం ఉంది, చదువు ఉంది. అవి ఇచ్చారు.

మన దగ్గర ఏముంది? ఉద్యోగాలు చేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు నెల జీతం ఉంది. చదువుకుంటున్న పిల్లలకు ఫోనులో కరపత్రం తయారుచేసే తెలివి, నలుగురినీ కూడగట్టే ఓపిక ఉన్నాయి. మనం ఇవ్వాల్సింది అవి. టికెట్లు అమ్మడం, కుర్చీలు మోయడం, లెక్క రాయడం మన పని, అది ఉచితంగా చేద్దాం. వాయించేవాళ్లకు, పాడేవాళ్లకు ఆ రోజు కూలికి తగ్గకుండా డబ్బు ముందే కవరులో పెట్టి ఇద్దాం. రానూ పోనూ బండి మనమే పెడదాం. ఖర్చుల చిట్టాలో కళాకారుల పేరు మైకు సెట్టు కంటే ముందు రాద్దాం. ఎవరైనా ఆ కవరును తమ ఇష్టంతో తిరిగి నిధికి ఇస్తే చేతులు జోడించి తీసుకుందాం, కానీ అడగవద్దు.

ఇంకొకటి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏ పిల్లకు ఏ ఫీజు కట్టాం అన్నది వారం తిరగకముందే తాండాలో అందరి ముందు చదివి వినిపిద్దాం. సహాయార్థం అనే మాట కరపత్రం మీద వేసిన రోజే ఆ లెక్క మనది కాకుండా ఊరిది అవుతుంది.

ఈసారి బళ్లారి పోయినప్పుడు రాఘవ కళామందిరం ముందు ఒక్క నిమిషం ఆగండి. లోపల ఏదైనా నాటకం ఆడుతుంటే టికెట్టు కొని చూడండి. తిరిగొచ్చాక మన కార్యక్రమానికి తేదీ కుదుర్చుకుందాం. ఆ రాత్రి నంగారా పెద్దాయన ఇంటికి పోయేటప్పుడు ఆయన చేతిలో శాలువాతో పాటు కవరు కూడా ఉండాలి.