గంటి మోహనచంద్ర బాలయోగి

బాలయోగి 1951 అక్టోబరు 1న తూర్పు గోదావరి జిల్లా యెదుర్లంక గ్రామమున ఒక దళిత కుటుంబమందు జన్మించెను. ఆయన న్యాయశాస్త్రము చదివి న్యాయవాదియయ్యెను. 1987లో జిల్లా ప్రజా పరిషత్తునకు అధ్యక్షుడై, 1991లో అమలాపురము నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను.

1998 మార్చి 24న ఆయన లోక్‌సభకు సభాపతియయ్యెను. ఆ పీఠము నధిష్ఠించిన తొలి దళితుడు ఆయనయే. 1999లో విశ్వాస తీర్మానమునాడు, ముఖ్యమంత్రి పదవిలో నున్న ఒక సభ్యుడు ఓటు వేయవచ్చునా యను వివాదము చెలరేగెను. సభాపతి దానిని ఆ సభ్యుని అంతరాత్మకు విడిచెను. 269 ఓట్లకు 270 ఓట్లు ఎదురు నిలువగా, తన పక్షము బలపరచిన ప్రభుత్వమే కూలిపోయెను.

2002 మార్చి 3న భీమవరము నుండి బయలుదేరిన ఆయన హెలికాప్టరు కైకలూరు చెంత చేపల చెరువున కూలెను. అందున్న మువ్వురును మరణించిరి. యంత్రము చెడియుండునని తొలుత తలంచిరి. విచారణలో వేరు కారణము తేలెను. చూపు ఆనని వేళ చోదకుడు వెంటనే దిగ యత్నించి, చెరువును నేలయని భ్రమపడెను. హెలికాప్టరు కొబ్బరిచెట్టును తాకెను.

విచారణ పోయిన ప్రాణమును తేజాలదు. అయినను నిజమైన కారణము తెలిసిననే రాబోవు ప్రయాణికునకు రక్షణ కలుగును. యానాము, యెదుర్లంకల నడుమ గోదావరిపై నున్న వారధి ఆయన పేరు ధరించి నిలిచియున్నది.