కండరానికి బలం ఎక్కడిది? యల్లాప్రగడ సుబ్బారావు అన్వేషణ

1994 సెప్టెంబరులో గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని ప్లేగు భయం కమ్ముకున్నప్పుడు లక్షల మంది ఊరు విడిచిపోయారు. మిగిలినవారు టెట్రాసైక్లిన్ మాత్రల కోసం మందుల దుకాణాలకు పరుగెత్తారు. ఆ ఔషధ కుటుంబంలో తొలిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి. అక్కడ పరిశోధనలకు సారథ్యం వహించినది భీమవరంలో జన్మించిన తెలుగువాడు. అయితే యల్లాప్రగడ సుబ్బారావు తొలి విజయం మందులలో కాదు, కండరంలో లభించింది.

1895 జనవరి 12న జన్మించిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. పూర్తి స్థాయి పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతో 1922లో బోస్టన్ చేరి, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రంగును బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. కండరపు సారాన్ని పరీక్షించినప్పుడు నీలిరంగు రావలసినంత వేగంగా రాలేదు. మరొకరైతే దానిని పొరపాటుగా భావించి వదిలేసేవారేమో. ఆ ఆలస్యానికి కారణం వెదుకుతూ వారు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రమిస్తే తిరిగి నిండుతుంది. 1929లో ఏటీపీని కూడా గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా ఇదే ఫలితం సాధించారు.

కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న భావన నాడు బలంగా ఉండేది. కండర పరిశోధనకే హిల్, మేయర్‌హోఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ లభించింది. హార్వర్డ్ ఫలితాలు ఆ భావన పునాదిని కదిలించాయి. కండర కణంలో మయోసిన్ పోగులు యాక్టిన్ పోగులను పట్టి లాగుతాయని తరువాతి తరం తేల్చింది. ఆ లాగుడు కణపు పొరను దాటి, చుట్టూ అల్లుకున్న కొల్లాజెన్ జాలానికి, అక్కడి నుంచి స్నాయుబంధనం ద్వారా ఎముకకు చేరుతుంది. ఈ పనికి ఇంధనం ఏటీపీ. అది తరిగిన మరుక్షణం భర్తీ చేసేది ఫాస్ఫోక్రియాటిన్. పట్టు వదలడానికీ ఏటీపీయే కావాలి. ప్రాణం పోయాక శరీరం కొయ్యబారడానికి కారణం ఇదే: పోగులు పట్టుకునే ఉంటాయి, విడిపించే శక్తి ఉండదు.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఆచార్య పదవి ఇవ్వలేదు. ఇది ఆ విశ్వవిద్యాలయానికే తలవంపు అనాలి. 1940లో సుబ్బారావు లెడర్లీలో చేరారు. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సర్‌పై సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్ అన్నీ ఆయన బృందం కృషే.

అమెరికా పౌరసత్వం పొందకుండానే, ఆరియోమైసిన్ వెలువడిన ఏడాదే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.