సర్ సయ్యద్: దైవవిశ్వాసమూ, సైన్సూ

సైన్సు చదివితే పిల్లల్లో దైవభక్తి సన్నగిల్లుతుందని మన ఇళ్లల్లో ఇప్పటికీ కొందరు పెద్దలు భయపడుతుంటారు. ఈ భయాన్ని వందేళ్లకు పైగా ముందే ఎదుర్కొన్నవారు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు.

ఆయన 1817లో ఢిల్లీలో పుట్టారు. కంపెనీ కోర్టుల్లో కొలువు చేశారు. 1857 తిరుగుబాటులో మన కుటుంబాలెన్నో చితికిపోయాయి. ఆ కష్టాల్లోనే ఆయన తల్లిగారూ కన్నుమూశారు. 1864లో ఘాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ పెట్టి ఇంగ్లీషు గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. 1875లో అలీగఢ్‌లో బడి తెరిచారు. అది కాలేజీగా పెరిగి 1920లో యూనివర్సిటీ అయింది.

ప్రకృతి అల్లాహ్ సృష్టి, ఖుర్ఆన్ అల్లాహ్ వాక్కు. ఆ రెంటికీ పొత్తు కుదరకపోవడమన్నది ఉండదని ఆయన నమ్మకం. కుదరనట్టు కనిపిస్తే లోపం మనం అర్థం చేసుకోవడంలోనే ఉందనేవారు. ఉలమాలు మండిపడ్డారు. నేచరీ అని ఎగతాళి చేశారు, కాఫిర్ అని ఫత్వాలిచ్చారు. దైవదూతల గురించి, మహిమల గురించి ఆయన చెప్పిన అర్థాలు మాకూ అన్నీ మింగుడుపడవు, నిజమే.

అయితే ఒక సంగతి చూడండి. కాలేజీలో మతబోధనను ఆయన తన చేతిలో పెట్టుకోలేదు. తన అభిప్రాయాలు పిల్లల మీద రుద్దకుండా, సంప్రదాయ పండితులకే దాన్ని వదిలేశారు. సున్నీలకూ షియాలకూ వేరువేరు ఏర్పాటు. చందాలిచ్చేవారు వెనక్కి తగ్గకూడదన్న లెక్క కూడా అందులో ఉందనుకోండి! హాస్టలు పిల్లలకు మాత్రం నమాజు తప్పనిసరి.

1898 మార్చి 27న ఆయన కాలం చేశారు. కాలేజీ మసీదు ఆవరణలోనే ఖననం చేశారు.